పని ఊళ్లో, ఇల్లు ఊరవతల

2023 ఆగస్టు 3న తెలుగు పత్రికలకు రెండు పెద్ద వార్తలు దొరికాయి. హైదరాబాద్ శివారు కోకాపేటలో హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) వేసిన వేలంలో నియోపోలిస్ లేఅవుట్‌లోని ఒక ప్లాటుకు ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. మొత్తం 45 ఎకరాల పైచిలుకు భూమికి 3,319 కోట్ల రూపాయల రాబడి తేలింది. అదే రోజు అమరావతి ఆర్-5 జోన్‌లో పేదల ఇళ్ల నిర్మాణాన్ని ఆపుతూ ఆంధ్రప్రదేశ్ హైకోర్టు స్టే ఇచ్చింది. అంతకు పది వారాల ముందే అక్కడ యాభై వేల మందికి పైగా మహిళలకు తలా ఒక సెంటు చొప్పున పట్టాలు పంచారు. మొదటి వార్తను సంబరంగా చదువుకున్నాం, రెండోదాన్ని రాజకీయ వివాదంగా చదువుకున్నాం. నన్నడిగితే రెండూ ఒకే వార్త. నగరంలో నేల ఎవరిది, అక్కడ కాపురం ఉండే హక్కు ఎవరికి అన్న ప్రశ్నకు ఒకచోట డబ్బు జవాబు చెప్పింది, ఇంకోచోట వ్యాజ్యం చెప్పింది. ఆ జవాబు చెప్పాల్సిన ప్రభుత్వాలు మాత్రం రెండుచోట్లా అంకెలు చెబుతూ వచ్చాయి.

ఇళ్ల మాట ఎత్తితే మన పార్టీలన్నీ మాట్లాడేది అంకెల భాషే. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన పట్టాల పంపిణీ 30 లక్షలు దాటిందని ఒకరంటారు. పట్టణాల్లో సెంటు సరిపోదు, రెండు సెంట్లిస్తాం, పల్లెల్లో మూడు సెంట్లిస్తాం అని తర్వాత వచ్చినవారంటారు. హైదరాబాద్‌లో లక్ష డబుల్ బెడ్‌రూం ఇళ్లు కడతామని ఒక ప్రభుత్వం చెప్పింది. సొంత జాగా ఉన్నవారికి ఇందిరమ్మ ఇంటి కోసం 5 లక్షలిస్తామని మరో ప్రభుత్వం అంటోంది. నగరంలో అద్దె గదిలో ఉండే కూలీకి ఆ జాగాయే లేదన్న సంగతి అలా ఉంచండి. ఎన్ని ఇళ్లు, ఎన్ని సెంట్లు, ఎన్ని లక్షలు అన్నవే లెక్కకు వస్తున్నాయి. ఎక్కడ అన్న మాట ఎవరి నోటా రావడం లేదు. నా వాదన ఇంతే: పేదవాడి ఇంటి విషయంలో న్యాయం తేలేది వైశాల్యంలో కాదు, దూరంలో. పనికి దూరంగా ఇచ్చే ఇల్లు సగం ఇల్లే. ఆ మిగతా సగం ఖరీదును పేదవాడు రోజూ తన నిద్రలోంచి, కూలిలోంచి, పిల్లల చదువులోంచి చెల్లిస్తూ ఉంటాడు.

ఇది కొత్తగా పుట్టిన అన్యాయం కాదు. మన పల్లెల నక్షా చూడండి. నడుమ ఊరు, ఊరికి అవతల వాడ. పొలంలో నాట్లు వేయడానికి, గొడ్డు చస్తే లాగేయడానికి, చావు కబురు మోయడానికి వాడ మనుషులు ఊళ్లోకి రావాలి. పొద్దుగూకేసరికి మళ్లీ అవతలికి పోవాలి. వాళ్ల కష్టం ఊరికి కావాలి, వాళ్ల కాపురం మాత్రం ఊళ్లో ఉండకూడదు. అంటరానితనం మాటల్లో ఎంత ఉందో నేల పంపకంలోనూ అంతే ఉంది. నగరానికి వస్తే ఈ పీడ వదులుతుందనుకున్నాం. దేశంలో ఎక్కడైనా నివసించే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలోనే ఉంది. అయితే మన గృహ పథకాలు అదే పాత నక్షాను పెద్ద కొలతలో మళ్లీ గీస్తున్నాయి. అప్పుడు పొలిమేర ఉన్న చోట ఇప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు ఉంది. వాడ ఉన్న చోట కాలనీ ఉంది. పేరు మాత్రం గౌరవంగా పెడుతున్నారు.

దూరమంటే ఏమిటో కాస్త దగ్గరగా చూద్దాం. అపార్ట్‌మెంట్లలో ఇళ్లపని చేసే మనిషికి పని రెండు పూటల్లో ఉంటుంది. పొద్దున్నే గిన్నెలు, ఊడ్చి తుడవడం, మళ్లీ సాయంత్రం గిన్నెలు. నడుమ దొరికే మూడు నాలుగు గంటల్లో ఆమె తన ఇంటికి పోయి వండుకుంటుంది, బడి నుంచి వచ్చిన పిల్లవాడికి ఇంత అన్నం పెడుతుంది, కొళాయి వచ్చే వేళకు నీళ్లు పట్టుకుంటుంది. ఆమె గది పని చేసే వీధికి నడిచిపోయేంత దూరంలో ఉన్నప్పుడే ఈ ఏర్పాటు నడుస్తుంది. అదే మనిషికి పాతిక కిలోమీటర్ల అవతల మంచి ఫ్లాటు ఇచ్చారనుకోండి. నడుమ ఇంటికి పోయిరావడం కుదరదు. సాయంత్రం పని వదులుకోవాలి, లేదా ఆ ఎడం గంటలు ఏ మెట్ల మీదో కూర్చుని గడపాలి. హైదరాబాద్ గుడిమల్కాపూర్‌లో పూలు కొని బుట్టలో అమ్ముకునేవాళ్లు తెల్లారకముందే మార్కెట్లో ఉండాలి. వీధులూడ్చే కార్మికులు జనం లేవకముందే చీపురు పట్టాలి. ఆ వేళకు శివారు నుంచి బస్సు ఉండదు, మెట్రో ఉండదు. నగరానికి వాళ్ల పని చీకటితోనే కావాలి, కనుక వాళ్ల ఇల్లూ ఆ చీకట్లో నడిచి రాగలిగే దూరంలోనే ఉండాలి.

ఆంధ్రప్రదేశ్‌లో ఇచ్చిన జాగా సంగతీ చూద్దాం. ఒక సెంటంటే 48 గజాలు. అందులో 340 చదరపు అడుగుల ఇంటికి ఇచ్చిన లెక్క లక్షా 80 వేల రూపాయలు. ఇసుక, సిమెంటు, ఇనుము, మేస్త్రీ కూలీ తెలిసిన ఎవరికైనా మిగతా డబ్బు ఎవరి ఒంటి మీది బంగారంలోంచి వస్తుందో తెలుసు. ఇల్లు కట్టి చూడు అన్న సామెత ఊరికే పుట్టలేదు. విశాఖ నగరవాసులకు లక్షకు పైగా పట్టాలు ఇచ్చినప్పుడు ఆ జాగాలు సబ్బవరం, ఆనందపురం, పద్మనాభం మండలాల దాకా పోయాయి. జగదాంబ కూడలిలోనో పూర్ణామార్కెట్‌లోనో మూటలు మోసే మనిషి ఆ లేఅవుట్‌లో ఇల్లు కట్టుకుంటే కూలి మానుకోవాలి, కూలికి పోతే ఇల్లు మానుకోవాలి. అందుకే చాలామంది పట్టాను ట్రంకుపెట్టెలో దాచుకుని నగరంలోనే అద్దె గదిలో ఉండిపోతారు. ప్రభుత్వ లెక్కలో వాళ్లు ఇల్లున్నవాళ్లు, నెల మొదటి వారంలో మాత్రం అద్దెదారులు.

ఇదంతా ఊహేనని కొట్టిపారేసేవాళ్ల కోసం ఒక గట్టి రుజువు చెబుతాను. 1987లో అహ్మదాబాద్‌లో మురికివాడల్లో ఉంటున్న మహిళా బీడీ కార్మికులకు లాటరీ పద్ధతిలో ఇళ్లు కేటాయించారు. కొత్త ఇళ్లు నగరం నడిబొడ్డుకు సుమారు 12 కిలోమీటర్ల అవతల ఉన్నాయి. లాటరీ గనుక పేరొచ్చినవాళ్లకూ రానివాళ్లకూ మధ్య అదృష్టం తప్ప వేరే తేడా లేదు. పద్నాలుగేళ్ల తర్వాత రోహిణీ పాండే, ఎరికా ఫీల్డ్, షారన్ బార్న్‌హార్ట్ అనే పరిశోధకులు ఆ రెండు వర్గాలనూ పోల్చి చూశారు. ఇల్లు వచ్చినవాళ్లలో మూడోవంతు మంది అసలు అక్కడికి మారనే లేదు. దాదాపు ఇంకో మూడోవంతు మంది అక్కడికి మారి, తర్వాత వెనక్కి వచ్చేశారు. నిలిచిపోయినవాళ్ల ఇళ్లు మెరుగే, కానీ వారి ఆదాయంలో, పిల్లల భవిష్యత్తులో చెప్పుకోదగ్గ మెరుగుదల కనపడలేదు. పైగా ఆపదలో చేబదులిచ్చే, పిల్లల్ని చూసిపెట్టే చుట్టాలకూ ఇరుగుపొరుగుకూ వాళ్లు దూరమయ్యారు. అంటే ప్రభుత్వం గోడలిచ్చి ఊతం తీసేసుకుంది. ఈ పాఠం మన ముందు ఎన్నో ఏళ్లుగా ఉంది. ఆ తర్వాత కూడా అదే తప్పు ఎన్నో రెట్లు పెద్దగా చేశాం.

న్యాయస్థానం ఈ మాట ఇంకా ముందే చెప్పింది. బొంబాయి పేవ్‌మెంట్ల మీద ఉండేవారిని తొలగించే విషయంలో 1985లో వచ్చిన ఓల్గా టెల్లిస్ కేసు తీర్పును చాలామంది పేదల గెలుపుగా గుర్తుపెట్టుకున్నారు. నిజానికి సుప్రీంకోర్టు వాళ్లను తొలగించవద్దని అనలేదు, పద్ధతి ప్రకారం తొలగించవచ్చంది. కానీ ఆ దారిలో ఒక పెద్ద సత్యాన్ని ఒప్పుకుంది. జీవించే హక్కులో జీవనోపాధి కూడా భాగమేనని, మనుషులు పేవ్‌మెంట్ మీద ఉండేది పని దగ్గర్లో ఉన్నందుకేనని, గూడు తీసేస్తే కూడూ పోతుందని ఒప్పుకుంది. గుడిసె ఎందుకు అక్కడే వెలిసిందన్న ప్రశ్నకు ఇంతకు మించిన జవాబు లేదు. పేదవాడు తెలివితక్కువ వాడై మురికికాలువ పక్కన కాపురం పెట్టడు. విజయవాడ కొండల మీద నిచ్చెనల్లాంటి మెట్లెక్కి కాపురముండేవాళ్లకు, 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచిన సింగ్‌నగర్ పల్లంలో ఉండేవాళ్లకు ఆ ముప్పు తెలియక కాదు. నగరంలో పనికి దగ్గరగా తమకు అందే ధరలో మిగిలిన నేల అదే.

కొరత కొరత అంటాం గానీ ఇళ్ల కొరత స్వభావం కూడా చాలామంది అనుకున్నట్టు ఉండదు. దేశంలో పట్టణ గృహ కొరత దాదాపు 1 కోటి 88 లక్షలని కేంద్రం నియమించిన సాంకేతిక బృందం 2012లో లెక్కతేల్చింది. అందులో 95 శాతానికి పైగా బలహీన, అల్పాదాయ వర్గాలదే. కొరతలో దాదాపు 80 శాతం అసలు గూడు లేనివాళ్లది కాదు, ఒక గదిలో రెండు కాపురాలు నెట్టుకొస్తున్నవాళ్లది. అదే కాలంలో, 2011 జనాభా లెక్కల ప్రకారం, పట్టణాల్లో ఖాళీగా ఉన్న ఇళ్లు 1 కోటి 11 లక్షలు. ఇటు కిక్కిరిసిన గదులు, అటు తాళం వేసిన ఇళ్లు. ఇటుకల సంఖ్య పెంచితే తీరే కొరత ఇది కాదని ఈ రెండు అంకెలే చెబుతున్నాయి. ఖాళీగా ఉన్నవి కొన్ని పెట్టుబడికి కొని పెట్టుకున్నవి, కొన్ని ఎవరూ పోలేనంత దూరంలో కట్టినవి. అయినా మనం కట్టే కొత్త ఇళ్లు రెండో జాబితాలోకే చేరుతున్నాయి. హైదరాబాద్ శివారు కొల్లూరు డబుల్ బెడ్‌రూం కాలనీ సంగతే చూడండి. 2023 జూన్‌లో ప్రారంభమైన ఆ కాలనీలో 117 బ్లాకులు, 15,660 ఫ్లాట్లు ఉన్నాయి. ఒక్కోటి 560 చదరపు అడుగులు, రెండు పడకగదులు, లిఫ్టు కూడా ఉంది. కట్టుబడిని తప్పుపట్టలేం. కానీ నగరంలోని వేర్వేరు నియోజకవర్గాల వాళ్లకు అక్కడ లాటరీ తగిలితే వాళ్లు పాత పనిని ఎలా నిలుపుకోవాలో ఎవరూ ఆలోచించలేదు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. ఉచితంగా ఇచ్చేదానికి ఈ వంకలేమిటి, దానమిచ్చిన ఆవుకు పళ్లు లెక్కపెడతారా అని. ఇది దానం కాదు గనుకే లెక్కపెట్టాలి. ఖర్చయ్యేది పన్నుల డబ్బు. ఆ పన్నులో అగ్గిపెట్టె మీద, సబ్బుబిళ్ల మీద పేదవాడు కట్టింది కూడా ఉంది. పైగా నగరంలో భూమి విలువ పెరగడానికి రోడ్డు వేసినవాడు, కట్టడానికి ఇటుక మోసినవాడు, కట్టాక ఊడ్చేవాడు ఆ విలువలో వాటా అడిగితే అది భిక్షం ఎలా అవుతుంది? ఇదే అభ్యంతరానికి ఇంకో రూపం ఉంది: అద్దెకున్నా, దూరమైనా, ఆడమనిషి పేరు మీద సొంత ఆస్తి ఉండటం గొప్ప కాదా అని. గొప్పే. దాన్ని తక్కువ చేయను. ఆపదలో తాకట్టు పెట్టుకోవడానికి, పిల్లలకు ఇవ్వడానికి ఆ పట్టా పనికొస్తుంది. అయితే ఆస్తి వేరు, నివాసం వేరు. భూమి పంచామని ఇల్లిచ్చినట్టు లెక్కరాసుకోవడమే తప్పు. నగరంలో పనిచేసే కుటుంబానికి ముందు కావాల్సింది పని దగ్గర భద్రంగా ఉండగలిగే గది, అది సొంతమైనా అద్దెదైనా.

రెండో అభ్యంతరం బలమైనది: నగరం నడుమ నేల ఖరీదు మామూలుగా లేదు, అక్కడ పేదలకు కడితే ఖజానా ఏమవుతుంది అని. లెక్క దాచకుండా వేద్దాం. కోకాపేట వేలంలో ఎకరం సగటు ధర 73 కోట్లు. 45 ఎకరాల్లో పదోవంతు, నాలుగున్నర ఎకరాలు అమ్మకుండా ఆపితే 330 కోట్లు పోతాయి. కొల్లూరులో ఎకరానికి దాదాపు 108 ఇళ్లు వచ్చాయి. ఆ లెక్కన ఇక్కడ వచ్చేవి 490 లోపే. ఖరీదైన బేరమే, ఒప్పుకుంటాను. అయితే ఆ ఇళ్లు అద్దెవైతే నేల ఎక్కడికీ పోదు. ప్రభుత్వం చేతిలోనే ఉండి ఏటా విలువ పెరుగుతుంది. వేలంలో అమ్మిన నేల మాత్రం ఒక్కసారే డబ్బిచ్చి శాశ్వతంగా చేయిజారుతుంది. అదీ వద్దనుకుంటే నేల బదులు రాబడిలో పదోవంతు పక్కన పెట్టండి. కొల్లూరు మొత్తానికి అయిన ఖర్చు 1,500 కోట్ల లోపు, అంటే ఇంటికి పది లక్షల లోపు. ఒక్క వేలంలో పదోవంతు 330 కోట్లతో మూడు వేలకు పైగా ఇళ్లు కట్టవచ్చు. వాటికి నగరం లోపలే ఉన్న చిన్నచిన్న ప్రభుత్వ జాగాలు వెతకాలి. పాడుబడిన క్వార్టర్లు, వాడకంలో లేని డిపోలు, ఇప్పటికే బస్తీలున్న స్థలాలు. వేలానికి జాగా వెతకాల్సి వచ్చినప్పుడు అధికారులకు గుంట కూడా కనపడుతుంది. పేదల కోసం వెతికేటప్పుడే చూపు మందగిస్తుంది.

బస్సు ఉచితం కదా, ఇక దూరం బాధేమిటి అని ఇంకో మాట. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం ఉంది. మంచి పథకం, ఎంతోమంది పనిమనుషుల జేబుకు ఊరట. కానీ టికెట్ ధర సున్నా అయినంత మాత్రాన ప్రయాణ సమయం సున్నా కాదు. పోనూ రానూ మూడు గంటలు బస్సులో నిలబడితే ఆ మూడు గంటలూ ఎవరూ తిరిగివ్వరు. పైగా ఇంటి మగవాళ్లకు ఉచితం లేదు, పొద్దున్నే నాలుగింటికి బస్సే లేదు. ఉచిత బస్సు దూరానికి మందు కాదు, నొప్పి తెలియకుండా పూసే లేపనం మాత్రమే.

నాలుగో అభ్యంతరం నోరు విప్పి చెప్పరు గానీ అసలైనది అదే. పేదలు పక్కన ఉంటే మా కాలనీ విలువ పడిపోతుంది అన్నది. అమరావతిలో ఆర్-5 ఇళ్లకు అడ్డుచెప్పిన రైతుల గోడును ఈ గాటన కట్టేయడం అన్యాయం. రాజధాని కడతామన్న ఒప్పందం మీద 30 వేల ఎకరాలకు పైగా ఇచ్చినవాళ్లకు, ఆ రాజధానిని పక్కనపెట్టి ఆ నేలను వేరే పనికి వాడితే అడిగే హక్కుంది. అప్పటి ప్రభుత్వానికి పేదల మీద ప్రేమ ఎంతో, రాజధాని మీద పట్టింపు ఎంతో ఎవరికి వారు తేల్చుకోవచ్చు. కానీ ఇక్కడ మరుగునపడిన సంగతి ఒకటుంది. 2014 నాటి రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) చట్టం 53వ సెక్షన్‌లోనే సమీకరించిన భూమిలో కనీసం 5 శాతం పేదల గృహాలకు ఉండాలని రాసుకున్నారు. అంటే రాజధాని నడుమ పేదలుండాలన్నది ఎవరో తర్వాత తెచ్చిపెట్టిన కుట్ర కాదు, ఆ నగరం పుట్టుక పత్రంలో ఉన్న మాట. ప్రభుత్వాలు మారాయి, ఆర్-5 ఇళ్లు లేవలేదు. ఇప్పుడు మళ్లీ పనులు సాగుతున్న ఆ రాజధానిలో ఆ 5 శాతం ఎక్కడ, ఎప్పుడు అన్నది అన్ని పక్షాలూ జవాబు చెప్పాల్సిన ప్రశ్న. ఇక కాలనీ విలువ మాటకొస్తే, వంటమనిషి, డ్రైవరు, వాచ్‌మన్ పగలంతా గేటు లోపల ఉంటే పడిపోని విలువ, రాత్రి పక్కవీధిలో పడుకుంటే ఎందుకు పడిపోతుందో ఎవరైనా వివరించాలి. బజారుకు వదిలేస్తే ఈ వివక్ష తనంతట తాను పోదు. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు కులం, మతం, తిండి అడగకూడదన్న నిబంధన 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టంలో కూడా లేదు. ప్రభుత్వమే అద్దె ఇళ్లు కట్టాలనడానికి ఇదీ ఒక కారణం. ప్రభుత్వ గుమస్తా ఇంటిపేరు చూసి తలుపు వేయడానికి వీల్లేదు.

చివరిది, ఆక్రమణదారులకు బహుమతి ఇస్తారా అన్న అభ్యంతరం. చెరువులు, నాలాలు, నదీగర్భం ఖాళీ చేయాలన్నది సరైనదే, లేకపోతే వరద అందరినీ ముంచుతుంది. కానీ ఖాళీ చేయించినవాళ్లను ఎక్కడికి పంపుతున్నామన్నది విడి ప్రశ్న కాదు, అదే ప్రశ్నలో రెండో సగం. పని దగ్గర చోటివ్వకుండా తొలగిస్తే వాళ్లు ఇంకో నాలా ఒడ్డుకు చేరతారు. ఇచ్చిన ఇల్లు అమ్ముకుని మళ్లీ గుడిసెలోకి వచ్చారని నిందించేవాళ్లు, ఎందుకు వచ్చారో అడగరు. లక్షలు చేసే ఫ్లాటును వదిలి మురికిలోకి వచ్చిన మనిషి, ఆ ఫ్లాటు అసలు విలువెంతో మన ఇంజనీర్లకన్నా బాగా లెక్కగట్టాడు.

చేతకాని పనేమీ కాదిది. సికింద్రాబాద్ భోయిగూడ దగ్గరి ఐడీహెచ్ కాలనీలో ఉన్న బస్తీని తొలగించి, ఉన్నచోటే 396 డబుల్ బెడ్‌రూం ఇళ్లు కట్టి 2015లో ఆ కుటుంబాలకే అప్పగించారు. పిల్లల బడి మారలేదు, పెద్దల పని మారలేదు, గోడలు మాత్రం మారాయి. అంటే దారి తెలుసు. అది ఒక్కో ఇంటికి ఎక్కువ ఓపిక, ఎక్కువ సంప్రదింపులు అడుగుతుంది గనుక, శివారులో ఒకేచోట పదిహేను వేలు కట్టి ఫొటో దిగడం తేలికనిపించింది. ఈ తేలికను వదులుకోవాలి. అమ్మే ప్రతి ప్రభుత్వ భూమిలోనో దాని రాబడిలోనో పదోవంతు నగరం లోపలి అద్దె ఇళ్లకు చట్టంతో కట్టబెట్టాలి. బస్తీని తీసేయాల్సి వస్తే ఉన్నచోటో, ఐదు కిలోమీటర్ల లోపో కట్టాలి. అన్నిటికన్నా ముందు లెక్క రాసే తీరు మారాలి. తాళంచెవి ఇచ్చిన రోజున ఇల్లు ఇచ్చినట్టు కాదు. ఏడాది తర్వాత ఆ ఇంట్లో అదే కుటుంబం పొయ్యి వెలిగిస్తోందా, ఇంటామె పాత పనిలోనే ఉందా, పిల్లవాడు బడికి పోతున్నాడా అని చూసి అప్పుడు రాసుకోవాలి.

అలా రాసుకుంటే ఇప్పటి అంకెల్లో చాలా లక్షలు కరిగిపోతాయి, అందుకే ఆ లెక్క ఎవరికీ రుచించదు. కానీ ఓటు అడగడానికి వచ్చినవాడు ఇన్ని లక్షల ఇళ్లిచ్చామంటే, ఓటరు అడగాల్సింది ఒకటుంది: మీ ఇళ్లలో ఒక్కదాని నుంచైనా తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి పనికి నడిచిపోగలమా? పోగలమంటే అది ఇల్లు. పోలేమంటే అది వాడే, కాంక్రీటుతో కట్టిన వాడ.